ఎడమ కార్నర్

ఇరవై ఏడేళ్ల కండక్టరు ఉద్యోగంలో నేను నేర్చుకున్న విద్య ఒక్కటే. మనిషి బస్సులో నిలబడే తీరు చూసి వాడి ఒంట్లో సత్తా ఎంతో చెప్పడం. కొందరు కడ్డీకి వేలాడతారు, కొందరు పక్కవాడి భుజానికి ఆనుకుంటారు. ఎవడో ఒకడు మాత్రం డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు కొట్టినా పాదం కదపడు. అలాంటివాడు కనిపిస్తే టికెట్ చింపుతూనే అడిగేవాణ్ని, "తమ్మీ, కబడ్డి ఆడుతవా?" అని. ఎక్కువమంది ఆడతామనే చెప్పేవాళ్లు. నా ఈ విద్య మీద నాకు కొండంత నమ్మకం ఉండేది. ఒక ఎండాకాలం ఆ నమ్మకంతో నేను చేసిన నిర్వాకం ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

మాది కొత్తకోట. హైదరాబాదు, బెంగళూరు దారి మీద ఊరు కాబట్టి పంక్చర్ దుకాణానికి ఎప్పుడూ పని ఉంటుంది. సర్వీసు రోడ్డు పక్కన రేకుల కింద ఉండే భాయ్ దుకాణమే మా కబడ్డి జట్టు అభిమానుల సభాస్థలం. అక్కడ కుర్చీలు లేవు, అరిగిన టైర్లున్నాయి. నాది లారీ టైరు. పటేలుది ట్రాక్టరు ముందు టైరు. పటేలు అంటే ఊరికి ఆనుకుని పల్లి వేసే రైతు, పొద్దుగూకే వేళకు మోటారు బంద్ చేసి నేరుగా ఇక్కడికే వచ్చేవాడు. ఒకరి టైరు మీద ఇంకొకరు కూర్చోకూడదు. ఎవరూ పెట్టిన నియమం కాదు గానీ, ఒకసారి తెలియక కూర్చున్న లారీ క్లీనర్ని పటేలు ఎంత మర్యాదగా లేపాడో చూశాక మళ్లీ ఎవరూ సాహసించలేదు.

తెలంగాణ వచ్చి, పాత జిల్లా ముక్కలై, ఎవరి కలెక్టరాఫీసు వాళ్లకు వచ్చాక కూడా మా ఎండాకాలం పోటీలు మాత్రం కలిసే నడుస్తున్నాయి. నల్గొండ వైపు ఊళ్లు కూడా వచ్చి చేరాయి. మొత్తం ఎనిమిది జట్లు. బలమున్న ఊరే మంచి ఆటగాళ్లనందరినీ ఎత్తుకుపోతోందని ఏటా కొట్లాటలయ్యేసరికి పెద్దమనుషులు ఒక కట్టుబాటు చేశారు. ఇరవై ఒక్క ఏళ్ల లోపు కొత్తవాళ్లందరి పేర్లూ ఒక జాబితా రాస్తారు. జట్లన్నీ ఒకచోట కూర్చుని వంతులవారీగా ఒక్కొక్కరిని తీసుకోవాలి. కిందటేడు అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు. తీసుకున్నవాణ్ని వద్దని పంపేస్తే ఆ ఏడాది వాణ్ని ఇంకో జట్టు కూడా తీసుకోకూడదు. దీన్నే మా దగ్గర ఏరుకోవుడు అంటారు, పల్లికాయ ఏరుకున్నట్టే.

ఆ ఏడు మొదటి వంతు మాది. అంటే ముందటేడు ఎంత ఘోరంగా ఓడామో వేరే చెప్పక్కర్లేదు.

ఓడింది ఎడమ కార్నర్ వల్ల. కూతకు వచ్చినవాడి ఎదుట ఏడుగురు వంపుగా నిలబడతారు కదా, ఆ వంపుకు రెండు చివరల్లో ఉండేవాళ్లు కార్నర్లు. వచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకోవడం వాళ్ల పని. మా కుడి కార్నర్ భాయ్ కొడుకు. ఇరవై రెండేళ్లవాడు. పగలంతా తండ్రి పక్కన జాకీలెత్తి, సాయంత్రం మైదానానికి వచ్చేవాడు. వాడి చేతికి చిక్కిన కాలు విడిపించుకుని పోయినవాణ్ని నేను చూడలేదు. ఎడమ కార్నర్ ఆడేవాడు మాత్రం పెళ్లి చేసుకుని అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు. వాడి స్థానంలో పెట్టినవాళ్లెవరూ నిలవలేదు. ఎదుటి జట్లవాళ్లు కుడి వైపు తొంగిచూడడం కూడా మానేసి, ఎడమ వైపు నుంచే పాయింట్లు దోచుకుపోయారు. పాపం భాయ్ కొడుక్కి మ్యాచ్ తర్వాత మ్యాచ్ తన మూలలో వంగి ఎదురుచూడడంతోనే సరిపోయింది.

వాడికి ఒక ఆశ ఉండేది. ఉమ్మడి జిల్లా జట్టుకు మనుషుల్ని ఏరేవాళ్లు మా పోటీలు చూడడానికి వస్తారు. జిల్లా తరఫున ఆడితే సర్టిఫికెట్టు వస్తుంది, అది ఉంటే పోలీసు ఉద్యోగాల్లో ఆటల కోటాలో అడగొచ్చు. ఎడమ వైపు గట్టివాడొకడు దొరికితే కూతలు కుడి వైపుకూ వస్తాయి, వీడి పట్టు నలుగురి కంటా పడుతుంది. మా అందరి లెక్కా అదే. ఆ మాట పైకి అననిది భాయ్ ఒక్కడే. సొంత కొడుకు ఆట గురించి బజారులో మాట్లాడడం ఆయనకు మహా సిగ్గు. పటేలు కావాలనే కదిలించేవాడు.

"ఏం భాయ్, నిన్న నీ కొడుకు ఎట్ల పట్టిండు! జర చెప్పరాదు?"

"ఆడిండంట. నాకేం ఎర్క, నేను ట్యూబు జూసుకుంటున్న" అని భాయ్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, అందులోంచి వచ్చే బుడగలకేసే చూస్తూ ఉండేవాడు. కొడుకు జట్టులోకి వచ్చిన మూడేళ్లలో ఆయన నోట వాడి గురించి అంతకు మించి ఒక్క ముక్క రాలేదు.

ఏరుకోవుడుకు నెల రోజులుందనగా వాదనలు మొదలయ్యాయి. పటేలు కన్ను దేవరకొండ వైపు కుర్రవాడి మీద పడింది. వాడు కూతకు వెళితే ఉత్త చేతులతో తిరిగిరాడని పేరు.

"పాయింట్లు తెచ్చేటోడు గావాలె గనీ, మూలకు గూసునేటోడు మనకెందుకు?" అనేవాడు పటేలు.

"పటేలా, కంచె లేకుంట పల్లి ఏస్తవా నువ్వు?" అనేవాణ్ని నేను.

"ఏస్త. పందులు రాకముందే పీకుత."

"పోయినేడు ఎన్ని బస్తాలు పీకినవో జెప్పు మరి."

దాంతో పటేలు టైరు మీంచి లేచి పోయేవాడు, మర్నాడు మళ్లీ వచ్చేవాడు. మా జట్టును ఆడించే పీటీ సారు స్కూలు నుంచి వస్తూ అక్కడ బండి ఆపి అందరి మాటా వినేవాడు. చివరి నిర్ణయం ఆయనదే. కానీ ఆ దుకాణం ముందు ఒప్పించకుండా నిర్ణయం తీసుకుంటే ఆ రోడ్డు మీద తిరగలేనని ఆయనకు తెలుసు.

అప్పుడు దొరికింది నాకు ఆ వీడియో. ఆ రోజుల్లో నా బస్సు అమ్రాబాద్ దాకా పోయేది. ఒకనాడు ముందు సీట్లో కూర్చున్న ఒకాయన, నేను ఎవరితోనో కబడ్డి మాట్లాడుతుంటే విని, ఫోన్ తీశాడు. "మా అక్క కొడుకు సార్. జాబితాల పేరిచ్చినం. జర జూడుండ్రి" అన్నాడు. అడవి అంచున ఏదో ఊళ్లో ఆట. పట్టేవాళ్ల వెనకనుంచి తీసిన వీడియో. సగంసేపు ఆకాశమూ తీసినవాడి బొటనవేలూ కనిపించాయి. మిగతా సగం చూసి టికెట్లు కొట్టడం ఆపేశాను. ఎడమ చివర, ఎనిమిదో నంబరు బనీనులో, బక్కపలచటివాడు. కూతకొచ్చినవాడు ఒక అడుగు ఎక్కువ వేశాడు, అంతే, వీడు నేలకు వంగి చీలమండ అందుకున్నాడు. వాడు లాగాడు, గుంజుకున్నాడు, పొర్లాడు. వీడి పాదం పెట్టినచోటి నుంచి బెత్తెడు కూడా కదల్లేదు. నేను వెతుకుతున్న పాదం అదే. వెంటనే ఆ వీడియో నా ఫోన్లోకి పంపించుకున్నాను. ఆయన్ని ఇంకొక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ సాయంత్రం దుకాణంలో దాన్ని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. పటేలు కూడా దేవరకొండ మాట తగ్గించాడు. భాయ్ చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ దగ్గరగా తెచ్చుకుని చూశాడు. "ఎడమకు వీడే సరిపోతడు, కండక్టర్ సాబ్" అన్నాడు. ఆ మాటలో ఎంత ఆశ ఉందో నాకొక్కడికే తెలిసినట్టు ఉబ్బిపోయాను.

ఇంటికి వచ్చి మా ఆవిడకు కూడా చూపించాను. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మిషను ఆపి, ఆట మొత్తం చూసి, అవతలి గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లను చూపించి అడిగింది.

"గా ఊర్ల ఆడోళ్లు పైట కుడి భుజం మీదేసుకుంటరా?"

"అడివి దిక్కు ఊరది. వాళ్ల అలవాటేమో. నువ్వు ఆట జూడు."

"ఒక్కరు గాదు, అందరు గట్లనే ఏసుకున్నరు."

"నీకు భుజాలు, జాకెట్లు దప్ప ఇంకేం గానరావు" అని విసుక్కున్నాను. ఆమె ఫోన్ నా చేతికిచ్చి మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ దారిలో రోజూ బస్సులో తిరిగేవాణ్ని. ఆ ఊళ్ల ఆడవాళ్లకు రోజూ టికెట్లు కొట్టేవాణ్ని. పైట ఏ భుజం మీద వేసుకుంటారో ఒక్క క్షణం గుర్తు తెచ్చుకుని ఉంటే ఈ కథే లేదు.

ఏరుకోవుడు ఆ ఏడు నల్గొండలో, ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. నేను సెలవు పెట్టాను. పటేలు పొలం తమ్ముడికి అప్పజెప్పాడు. భాయ్ దుకాణం మూసి వచ్చాడు, పండుగ రోజు తప్ప ఆయన షట్టరు దించడం నేనెరగను. చేతికిచ్చిన జాబితాలో పేరు, ఊరు, వయసు, బరువు తప్ప ఇంకేమీ లేదు. ఎవడు ఏ చోట ఆడతాడో ఎవరికి వాళ్లే తెలుసుకుని రావాలి. మొదటి వంతు మాదని పిలవగానే పీటీ సారు వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. పటేలు నోరు తెరిచేలోపు భాయ్ లేచి నిలబడ్డాడు.

"ఎడమ దిక్కు ఖాళీ ఉంది సార్. అమ్రాబాద్ దిక్కు పోరన్నే దీసుకుందాం."

సారు ఆ పేరు చదివాడు. హాలంతా గుసగుసలు. మొదటి వంతును ఎవరైనా కూతకు వెళ్లేవాడి మీద పెడతారు గానీ కార్నర్ మీద పెడతారా? రెండో వంతు జట్టు దేవరకొండ కుర్రవాణ్ని ఎగరేసుకుపోయింది. తిరుగు ప్రయాణంలో పటేలు నా పక్క సీట్లో కూర్చోలేదు. నేను పట్టించుకోలేదు కూడా, అంత సంతోషంలో ఉన్నాను.

వారం తర్వాత మేనమామను తోడు తీసుకుని ఆ కుర్రవాడు నా బస్సులోనే దిగాడు. పందొమ్మిదేళ్లు, ఒక బ్యాగు, తల ఎత్తి మాట్లాడడు. బస ఎక్కడ అన్న ప్రశ్న రాకముందే, "మా ఇంట్ల ఉంటడు. నా కొడుకు పక్కన ఇంకో చాప పరుస్తం, గంతే గదా" అన్నాడు భాయ్. ఆ సాయంత్రం అందరం మైదానానికి పోయాం. సారు విజిల్ ఊదాడు. మా జట్టు వంపుగా నిలబడింది. కుర్రవాడు బ్యాగు గట్టు మీద పెట్టి, చెప్పులు విడిచి, మట్టికి దండం పెట్టుకుని, నేరుగా కుడి చివరకు నడిచి వెళ్లాడు. అక్కడ భాయ్ కొడుకు నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తమ్మీ, ఎడమకు పో" అన్నాడు సారు.

"నాది కుడి కార్నరే సార్."

"అట్లెట్ల? వీడియోల ఎడమకున్నవ్ గద?"

కుర్రవాడు మేనమామ వైపు చూశాడు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి వెనక్కి తిప్పి చూపించాడు. వెనక కెమెరా అద్దం పగిలిపోయి ఉంది. "గిది పలిగి ఏడాదయింది సార్. ముందటి దాంతోనే తీస్త. తిప్పి పట్టుకుంటే ఏం గానరాదు, అందాజ మీద తీసిన" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఏ మూల ఆడతాడని అడిగినవాడే లేడు. ఆ ఫోన్లో ముందు కెమెరా అన్నీ అద్దంలో లాగా కుడిఎడమలు మార్చి చూపిస్తుందని, సారు అక్కడికక్కడే దాంతో తన చొక్కా జేబును వీడియో తీసి చూపించాడు. బనీను మీద నంబరు ఎనిమిది కావడం మా ఖర్మ. ఏ రెండో అయిదో అయి ఉంటే తిరగబడి మా మొహాన కొట్టేది. నాకు మాత్రం గట్టు మీది ఆడవాళ్లందరూ కళ్లముందు వరసగా కూర్చున్నారు. భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

సారు చాలాసేపు విజిలును వేళ్ల మధ్య తిప్పుతూ ఉన్నాడు. తర్వాత భాయ్ కొడుకుతో, "నీ జాగా నీదే. ఈ పిలగాన్ని పంపిస్తం" అన్నాడు. పంపిస్తే ఆ కుర్రవాడికి ఆ ఏడు ఆటే లేదు. వాడా మాట విని, గట్టు మీది బ్యాగు వైపు నడవబోయాడు. భాయ్ కొడుకు తండ్రి మొహంలోకి చూశాడు. భాయ్ తన అరచేతుల్ని చూసుకుంటున్నాడు, వాటికి మరకలేమైనా ఉన్నాయా అన్నట్టు. అప్పుడు భాయ్ కొడుకు తన మూల వదిలి, వంపు పొడవునా నడిచి, ఎడమ చివరకు పోయి నిలబడ్డాడు.

"ఆడనే ఉండు తమ్మీ" అని అక్కణ్నుంచే కేకేశాడు. "నేను గీడ నిలవడ్త."

చూసేవాళ్లకు ఏడడుగుల దూరమే. కానీ ఒక మూలకు అలవాటు పడ్డ ఒళ్లు ఇంకో మూలకు రాదు. ఏ కాలు ముందుంచాలి, ఏ చెయ్యి కింద పెట్టాలి, ఎటు దూకాలి అన్నీ తిరగబడతాయి. ఎనిమిదేళ్లుగా నేర్చిందంతా మరిచిపోయి మొదటి నుంచి రావాలి. మర్నాడు నేను దుకాణానికి వెళితే వాడు లారీ చక్రం కింద పడుకుని నట్లు బిగిస్తూ అడిగాడు, "చాచా, గా వీడియో మల్ల పంపవా? కోపంల నేను తీసేసిన" అని. నాకు అర్థం కాలేదు. "తిరగబడిందైతేంది, అండ్ల ఎడమ కార్నర్ మంచిగ ఆడుతుండు గద. చూసి నేర్చుకుంట" అన్నాడు. వాడి మొహం వైపు చూడకుండా పంపించాను. భాయ్ ఇంటి ముందు వాకిట్లో పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడేవాళ్లు. కుర్రవాడు కుడి వైపు ఎలా వంగితే వీడు ఎడమ వైపు అలా వంగేవాడు. అలా రెండు నెలలు.

ఆ ఏడు మా జట్టు మూడో స్థానంలో నిలిచింది. ఊళ్లో అందరికీ అది పండుగే. జిల్లా వాళ్లు వచ్చిన రోజున భాయ్ కొడుకు అయిదు పట్లు పట్టాడు. రెండుసార్లు మాత్రం వాడి పాత కాలు ముందుకొచ్చింది, కూతకొచ్చినవాడు జారిపోయాడు. కాగితాలు పట్టుకుని కూర్చున్నవాళ్లు ఆ రెండూ చూశారు. మా జట్టు నుంచి ఒక్క పేరే చదివారు. అమ్రాబాద్ కుర్రవాడిది, కుడి కార్నర్‌కు. వాణ్ని ముందుగా ఎత్తుకుని గాల్లోకి లేపింది భాయ్ కొడుకే.

నేను మాత్రం ఆ తర్వాత దుకాణం ముఖం చూడలేకపోయాను. ఆ పేరు వీడిది కావలసింది, నేనే పోగొట్టాను అన్న మాట నన్ను తిననివ్వలేదు. దాదాపు నెల రోజులు అవతలి సందులోంచి ఇంటికి పోయాను. ఒకనాడు నా స్కూటరుకు సరిగ్గా సర్వీసు రోడ్డు మీదే పంక్చర్ అయింది. తల దించుకుని, దుకాణం దాటేసి, బస్టాండు దగ్గరి ఇంకో దుకాణానికి తోసుకుపోతున్నాను.

"ఓ కండక్టర్ సాబ్! నా దుకాణం ముందలికెల్లి గాలి లేని బండి దోస్కుంట వోతవా? నవ్వరా నలుగురు?"

బండి ఆయన చేతుల్లోకి వెళ్లిపోయింది. టైరు విప్పుతున్నంతసేపూ నేను నిలబడే ఉన్నాను. "భాయ్, నా వల్ల..." అని మొదలుపెట్టాను.

"నీ ఒక్కనిదేనా తప్పు? నేను జూడలే? కండ్లజోడు వెట్టుకొని జూసిన, ఎడమనే అన్న." ట్యూబు నీళ్లలో ముంచాడు. బుడగ వచ్చినచోట వేలు పెట్టి మళ్లీ అన్నాడు. "వాడు ఏడ్చిండు సాబ్. పేర్లు సదివిన దినం. ఆ పిలగాడు సంబురంగ ఉన్నడని, వానికి ఇనవడకుంట ఇంటెన్క పోయి ఏడ్చిండు. నేను జూసిన. ఊకో అనలే. ఏడ్వనిచ్చిన."

ఆయన తల ఎత్తకుండానే నా లారీ టైరు వైపు చెయ్యి చూపించాడు. నెల రోజుల దుమ్ము పట్టి ఉంది, ఎవరూ కూర్చోలేదు. నేనే దులుపుకుని కూర్చున్నాను.

మరుసటి ఎండాకాలం మళ్లీ జాబితా వచ్చింది. ఇప్పుడు మా వంతు ఆరోది. వీడియోలు వచ్చాయి. భాయ్ గంభీరంగా, "ముందుగాల భాబీకి చూపియ్యి" అన్నాడు. మా ఆవిడ ప్రతి వీడియోనూ మిషను మీద పెట్టి, ఆట వదిలేసి, చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసి, "ఇది సక్కగనే ఉంది" అని ముద్ర వేసి పంపేది. పటేలు ఈసారి గద్వాల వైపు కూతవాడి కోసం పట్టుబట్టాడు. నాకు మునగాల వైపు నుంచి ఒక కార్నర్ నచ్చాడు. ఎడమ కార్నరే. ఈసారి మూడుసార్లు అడిగి, ఊరికి పోయి కళ్లారా చూసి వచ్చాను. నిజంగా గట్టివాడు.

"ఎడమకు మంచోడున్నడు సార్" అన్నాను. అన్నాక గానీ భాయ్ అక్కడే ఉన్నాడని గుర్తు రాలేదు.

పీటీ సారు బండి స్టాండు వేశాడు. "జెప్పుండ్రి మరి. ఎడమకు దీసుకుందామా?"

భాయ్ కొడుకు రోడ్డు మీద లారీ కింద ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నట్లు బిగిస్తున్న పాన చప్పుడు ఆగింది. భాయ్ తొట్టిలోంచి చేతులు తీసి, లుంగీకి తుడుచుకుని, నాలుగేళ్లలో నేనెన్నడూ వినని గొంతుతో, రోడ్డు అవతలివాళ్లకు కూడా వినిపించేలా అన్నాడు.

"ఎడమకు ఎవలొద్దు సార్. నా కొడుకున్నడు."

నేను లేచి వెళ్లి అందరికీ చాయ్ చెప్పి వచ్చాను.